ఎర్ర పురికొస

సుల్మా బెంతాంకోర్ గడ్డికట్ట విప్పడం మొదటిసారి చూసినవాళ్లు, ఈవిడకు బోలెడంత తీరిక ఉన్నట్టుంది అనుకునేవారు. నూట ఇరవై ఆవులకు రెండు పూటలా మేత వేసే మనిషికి తీరిక ఎక్కడిది? అయినా కట్ట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి నిదానించేది. మోకాలితో కట్టను అదిమిపట్టి, రెండు పురికొసల ముడులూ ఎక్కడున్నాయో వేళ్లతో తడిమి చూసుకుని, ముడికి ఆనుకుని చాకు పెట్టేది. తెగాక ముడి ఉన్న కొసను పట్టుకుని లాగేది. నున్నటి కొస గడ్డి కిందనుంచి పాములా జారి వచ్చేసేది. ఎక్కడపడితే అక్కడ కోసి లాగితే ముడి గడ్డిలో తట్టుకుంటుంది. తట్టుకుంటే పురి తెగుతుంది. తెగిన ముక్క గడ్డిలో ఉండిపోతుంది. గడ్డిలో ఉన్నదేదైనా ఆవు నోట్లోకే పోతుంది.

తీసిన పురిని నాలుగు మడతలు పెట్టి నడుముకు కట్టుకున్న తోలుపట్టీలో దోపుకునేది. మేత అయ్యాక పాకలో మేకుకు తగిలించే ముందు లెక్కపెట్టేది. కట్టకు రెండు. పది కట్టలు విప్పితే ఇరవై ఉండాలి. పంతొమ్మిది ఉంటే గాడి మొదటినుంచి చివరిదాకా ఆవుల మూతుల మధ్య చెయ్యిపెట్టి వెతకాల్సిందే, అన్నం వేళయినా, వానైనా.

సాన్ హొసేకి ముప్ఫయి కిలోమీటర్ల అవతల, పాసో సెయ్బో అనే చిన్న ఊరి పక్కన, దార్దో ఇరిబార్నే గారి పాల పశువుల కొట్టంలో ముప్ఫయి నాలుగేళ్లు ఆమె చేసిన పని ఇదే. ఊళ్లో వాళ్లు 'పురికొస సుల్మా' అని పేరు పెట్టారు. ఆమె లెక్క ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదని కూడా వాళ్లే చెప్పుకునేవారు. ఆ మాట తన ముందు వస్తే సుల్మా ఔననేదీ కాదు, కాదనేదీ కాదు. మాతే ఆకు వేసిన బుర్రలో వేణ్నీళ్లు పోసుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, ఇంకోవైపు చూసేది.

ఈ జాగ్రత్త ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. వాళ్ల నాన్న ఎలాదియో ఊరూరా తిరిగి గడ్డికట్టలు కట్టే యంత్రం నడిపేవాడు. ఆ రోజుల్లో పురి అంటే కిత్తనార పురే, ఇంకోటి లేదు. కట్ట విప్పి పురి ఎక్కడ పడితే అక్కడ పారేసేవాడు ఆయన. "ఆవు తిన్నా అరిగిపోద్ది, నేల తిన్నా అరిగిపోద్ది. నారేగా!" అనేవాడు. నాన్న చేతిని చూసే కూతురి చెయ్యి పని నేర్చుకుంది.

ఇరవై రెండో ఏట కంచెలు వేసే నెల్సన్ కబ్రేరాను పెళ్లి చేసుకుంది. మేనత్త పెళ్లికి ఒక ఆవును ఇచ్చింది. దాల్చినచెక్క రంగు జెర్సీ ఆవు, అందుకే కనేలా అని పిలుచుకున్నారు. మూడేళ్లు వాళ్ల ఇంట్లో పాలకు, వెన్నకు లోటు లేకుండా చేసింది. మూడో చలికాలంలో మేత మానేసింది. నెమరు లేదు, కళ్లు లోపలికి పోయాయి. సుల్మా నూనె తాగించింది, డొక్క తోమింది, పక్కనే కూర్చుని బతిమాలింది. ఆరో రోజు కనేలా పోయింది. తోలు తీయడానికి వచ్చిన పక్కింటాయన పొట్ట చీల్చి, లోపలినుంచి నీలం రంగు ముద్ద ఒకటి తీసి గడ్డిమీద పెట్టాడు. బాగా చిక్కుపడిన ప్లాస్టిక్ పురి. ఆ ఏడే వాళ్లు మొదటిసారి ప్లాస్టిక్ పురి కట్టిన కట్టలు కొన్నారు. చవక, గట్టి, ఎలుక కొరకదు, తడికి కుళ్లదు. సుల్మా మాత్రం నాన్న పారేసినట్టే పారేసింది.

నెల్సన్ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ ముద్దను కర్రతో తిప్పి చూసి, "కాలం మారింది, చెయ్యి మారలేదు" అన్నాడు, అంతే. అది తిట్టు కాదు, ఓదార్పూ కాదు. ఆ మాట ఆమెలో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

దార్దో గారి దగ్గర పనికి చేరాక ఏటా వసంతంలో పురి కొనే వేళకు వాళ్లిద్దరికీ పెద్ద వాదనే జరిగేది. ఆవిడ కిత్తనార అనేది. ఆయన ప్లాస్టిక్ అనేవాడు.

"సుల్మా, పోయినేడు నీ మాట విని కిత్తనార కొన్నా. అడుగు వరస కట్టలన్నీ నేల చెమ్మకి కుళ్లి, ఎత్తితే విచ్చుకుపోయినయ్. పైవరస ఎలుకలు కొరికినయ్. పొయ్యిలో పెట్టుకోడానికి కూడా పనికిరాలా."

"నేలమీద కర్రలు పరిచి పెట్టమన్నానా లేదా? పిల్లిని పెంచమన్నానా లేదా?"

"పిల్లికి కూడా జీతం ఇమ్మంటావేంటి?"

చివరికి ఓ ఏడు ఆమె తగ్గింది. "సరే, ప్లాస్టిక్కే కొనండి. రంగు మాత్రం నేను చెప్తా. పసుపు వద్దు, గడ్డిలో కలిసిపోద్ది. పచ్చది వద్దు, మేత బీట్లో కనపడదు. ఎర్రది కొనండి. చీకట్లో కూడా కంట్లో పడాలి." అప్పటినుంచి దార్దో గారి పొలంలో కోసిన గడ్డికి ఎర్ర పురే. ఆ ఎర్ర పురి కట్టలన్నీ సుల్మా చేతులే విప్పాయి. ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఆమెకు అరవై ఒకటో ఏడు నడుస్తుండగా ఆ కరువొచ్చింది. అక్టోబరులో రావాల్సిన వాన రాలేదు. అక్కడ నడివేసవిలో వచ్చే క్రిస్మస్ నాటికి చెరువు అడుగు పగుళ్లు తేలింది. మేత బీళ్లు కాళ్లకింద కరకరలాడాయి. చలికాలానికని దాచిన కట్టలు డిసెంబరులోనే అయిపోయాయి. దార్దో గారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని కుర్చీకి అతుక్కుపోయిన రోజులు అవి. ఉత్తరం వైపునుంచి, ఎవరెవరి పాకలనుంచో, లారీలమీద గడ్డి తెప్పించారు. రెండేళ్లో మూడేళ్లో ఎండకు పడి ఉన్న కట్టలు. వాటి పురి ఒకప్పుడు ఏ రంగో తెలియదు, ఇప్పుడు పాలిపోయి గడ్డి రంగులోనే ఉంది. వేలితో నలిపితే పీచుపీచుగా రాలుతోంది.

గడ్డి నాసిరకం కాబట్టి దాణాతో కలిపితేగానీ ఆవులు ముట్టవని, మేత కలిపే పెద్ద యంత్రమొకటి కొన్నారు. దాన్ని నడపడానికి విల్మర్ తెచేరా అనే ముప్ఫయి అయిదేళ్ల మనిషిని పెట్టుకున్నారు. చురుకైనవాడు, యంత్రాల సంగతి బాగా తెలిసినవాడు. వచ్చిన మొదటి రోజే కట్టలను పురితో సహా ఎత్తి యంత్రంలో పడేశాడు.

సుల్మా పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఇదేంటి నాయనా, పురి తీయకుండానే వేసేస్తున్నావు?"

"ఒక్కోటీ తీస్తూ కూర్చుంటే పొద్దుపోద్ది దోన్యా సుల్మా. లోపలంతా కత్తులే. పురీ గడ్డీ తేడా తెలీకుండా పొడి చేసేస్తయ్."

"పొడి చేస్తే ప్లాస్టిక్కు గడ్డైపోద్దా?"

"ఆవుకి దేవుడు నాలుగు పొట్టలిచ్చాడు. ఒకదాంట్లో కాస్త ప్లాస్టిక్ పడితే మిగతా మూడూ ఏం చేస్తయ్, గోళ్లు గిల్లుకుంటయ్యా?"

పాలు పితికే ఆడవాళ్లు పగలబడి నవ్వారు. సుల్మా నవ్వలేదు. "నీకున్నది ఒక్కటే పొట్ట కదా. రేపు నీ కూరలో ఒక మూరెడు పురి సన్నగా తరిగి వేస్తా. తిని, ఎట్టా అరిగిందో చెప్పు" అంది. ఈసారి నవ్వు ఆమె వైపుకు తిరిగింది. విల్మర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ నవ్వు అతను మరిచిపోలేదు. మర్నాటినుంచి ఆమె కనబడితే యంత్రం మోత ఇంకాస్త పెంచేవాడు.

ఆమెకు చేతనైనది ఆమె చేసింది. యంత్రం గాడి పొడుగునా మేత పోసుకుంటూ పోతుంటే, వెనకాలే వంగి నడుస్తూ, కనబడిన ముక్కల్లా ఏరి సంచిలో వేసుకునేది. జానెడువి, బెత్తెడువి, వేలెడువి. ఆవుల తలలను అటూ ఇటూ నెట్టుకుంటూ ఏరేది. నెల తిరిగేసరికి దాణా సంచి ఒకటి నిండింది. నడుము రాత్రిళ్లు నిద్రపోనిచ్చేది కాదు. గడ్డి రంగులోని పురిని గడ్డిలోనుంచి ఏరడం అరవై దాటిన కళ్లకు అయ్యే పనా?

ఆ సంచిని తీసుకెళ్లి దార్దో గారి కుర్చీ ముందు కుమ్మరించింది. ఆయన చాలాసేపు చూశాడు. కళ్లకింద నల్లటి వలయాలు.

"గడ్డి దొరకడమే గగనమైపోయింది సుల్మా. నూట ఇరవై నోళ్లు. ఆ కుర్రోడు గంటలో వేసే మేత మనం చేత్తో వేస్తే పూట పడుద్ది. వానలు పడనీ. పడ్డాక నువ్వేం చెప్తే అది."

"వాన పడేదాకా పొట్టలు ఆగుతాయా దోన్ దార్దో?"

పనివాళ్ల మాటను కొట్టిపారేసే మనిషి కాదాయన. ఆ వేసవి ఆయన చేతిలో ఏమీ మిగల్చలేదు, అంతే. ఆమె ముక్కలన్నీ మళ్లీ సంచిలోకి ఎత్తుకుని బయటికొచ్చింది.

మార్చి మొదటివారంలో పెర్లా మేత మానేసింది. ఏడేళ్ల ఆవు, నల్లమచ్చలది, నెమ్మదిగల ఆవు. మొదటి రోజు సుల్మా గమనించి ఊరుకుంది. రెండో రోజు పాలు సగమయ్యాయి. మూడో రోజు ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. ఆ నిలబడే తీరు, మెడ చాచి నేలకేసి చూసే చూపు సుల్మాకు తెలిసినవే. ఆవిడ ఎవరినీ అడగకుండా తానే పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

ఫగుందెస్ డాక్టరమ్మ మధ్యాహ్నానికి వచ్చింది. డొక్కమీద చెవి పెట్టి విని, పిడికిలితో నొక్కి చూసి, "లోపల ఏదో అడ్డం పడింది. కోసి చూడ్డమే" అంది. పాలు పితికే షెడ్డులోనే, ఆవును నిలబెట్టే, డొక్కకు మత్తుసూది ఇచ్చి కోసింది. విల్మర్ తోక పట్టుకున్నాడు. సుల్మా తల దగ్గర నిలబడి ముట్టె నిమురుతోంది. దార్దో గారు కర్ర ఊతంతో వచ్చి గోడకు ఆనుకున్నారు.

డాక్టరమ్మ చెయ్యి భుజందాకా ఆవు పొట్టలోకి పోయింది. లోపల తడుముతూ కళ్లు మూసుకుంది. తర్వాత మెల్లగా లాగింది. కొబ్బరికాయంత ముద్ద బయటపడింది. వాసనకు అందరూ మొహాలు తిప్పుకున్నారు. ఆమె దాన్ని బకెట్‌లో పడేసి నీళ్లు పోసింది. నీళ్లకు పైపొర వదులై, పాలిపోయిన ముక్కలు, వందలకొద్దీ ముక్కలు, తేలాయి.

అందరి చూపులూ విల్మర్ మీదికి వెళ్లాయి. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. తోక మాత్రం వదల్లేదు.

"చూశావా?" అన్నారు దార్దో గారు. ఆయన గొంతు పెద్దదేమీ కాలేదు. "సుల్మా చెప్తూనే ఉంది. నెల్రోజుల్నుంచి చెప్తూనే ఉంది. సాయంత్రానికి నీ సామాన్లు సర్దుకో."

విల్మర్ తల వంచుకున్నాడు.

సుల్మా అప్పటికే బకెట్‌లోకి చూస్తోంది. పై ముక్కలు విడిపోయాక, ముద్ద నడిమధ్యన ఇంకోటి కనబడింది. ముక్క కాదు. బారెడు పురి, ఉండలు చుట్టుకుని, ముడితో సహా. పొట్టలోని రసాలకు నల్లబడి గోధుమరంగుకు తిరిగింది. తెలియనివాళ్లు చూస్తే బురద అనుకుంటారు. కానీ ముడి లోపలి మడతలో ఒకచోట అసలు రంగు మిగిలి ఉంది. ఎరుపు.

ఎర్ర పురి కట్టలు విల్మర్ రాకముందే అయిపోయాయి.

ఆ క్షణం ఎంతసేపు సాగిందో ఆమె తర్వాత చెప్పలేకపోయేది. ఇంకెవరూ చూడలేదు. డాక్టరమ్మ మళ్లీ పొట్టలో చెయ్యిపెట్టి వెతుకుతోంది. తను కాస్త ఊరుకుంటే చాలు. బకెట్ తీసుకెళ్లి ఎరువుగుంటలో ఒంపేస్తే చాలు. సాయంత్రానికి విల్మర్ ఉండడు. ఆ యంత్రమూ మూలపడుతుంది. మేత మళ్లీ తన చేతుల్లోకి వస్తుంది, ఆవులకూ మంచిదే. ఇవన్నీ ఆమె మనసులో ఒకదాని వెనక ఒకటి చక్కగా వరుస కట్టి నిలబడ్డాయి. అంత చక్కగా నిలబడటమే ఆమెను భయపెట్టింది.

"ఆగండి దోన్ దార్దో" అంది. చెయ్యి మోచేతిదాకా బకెట్‌లో పెట్టి ఆ పురిని తీసి, నీళ్లు పోసి రుద్ది, ముడి విప్పి చూపించింది. "ఇది నాది."

"ఏంటి నీది?"

"ఎర్రది. మన కట్టది. ఇతను వచ్చేనాటికి మన దగ్గర ఎర్రది ఒక్కటి కూడా లేదు. ఎర్ర కట్టలన్నీ విప్పింది నేనే."

"నీ లెక్క తప్పదు కదా సుల్మా" అన్నారు దార్దో గారు, ఆమెను బతిమాలుతున్నట్టు.

"ఒకసారి తప్పింది. మూడేళ్ల కిందట, జులైలో. నెల్సన్ కంచె దగ్గర పడిపోయాడని ఫోనొచ్చిన పొద్దున. పంతొమ్మిది కట్టలు విప్పాను. ముప్ఫయ్యేడు పురులున్నాయి. ఒకటి తక్కువ. వెతికాను, దొరకలేదు. ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఆవునూ చూస్తూ వచ్చాను. ఏ ఆవుకూ ఏమీ కాలేదు. గాలికి కొట్టుకుపోయిందేమోలే అనుకోడం మొదలుపెట్టాను."

దార్దో గారు డాక్టరమ్మ వైపు తిరిగారు. "మరి తప్పెవరిది?"

ఆవిడ నుదుటి చెమట భుజానికి తుడుచుకుంది. "ఆ పాతదొక్కటే అయితే ఈ ఆవు దాన్ని మోసుకుంటూ బతికేసేదేమో. కొత్త ముక్కలన్నీ వచ్చి దాన్నే పట్టుకుని చుట్టుకున్నాయి. పాతది లేకపోతే ఆ ముక్కలు కొన్ని బయటికి పోయేవేమో. నేను పొట్టలు కోస్తా, తీర్పులు చెప్పను. సూది ఇటివ్వండి, కుట్టాలి."

కుట్లు వేయడానికి గంట పట్టింది. అంతసేపూ ఎవరి పని వాళ్లు చేశారు.

తర్వాత బయట కొళాయి దగ్గర సుల్మా చేతులు కడుక్కుంటుంటే విల్మర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. సబ్బు ఆమె చేతిలోనే ఉంది, అడగలేక నిలబడ్డాడు. ఆమె ఇచ్చింది.

"ఎందుకు చెప్పారు? ఎవరూ అడగలేదుగా."

"అడక్కపోతే?"

"నేనైతే చెప్పేవాణ్ని కాదు."

"తెలుసు."

అతనికి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కొళాయి కింద తల పెట్టేశాడు.

దార్దో గారు అతన్ని పంపలేదు. ఆ సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి, "యంత్రం ఉంటది. పురి మాత్రం ముందు తీయాలి. ఇద్దరూ కలిసి తీయండి. పూట పట్టినా సరే" అన్నారు. సుల్మా మీద ఆయన ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆయన పుల్లవిరుపుగా రెండు మాటలు అనేసి ఉంటే తనకు తేలిగ్గా ఉండేదని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

మర్నాడు విల్మర్ చాకు పట్టుకున్నాడు. పురిని నడిమధ్యన కోసి గుంజాడు. ముడి తట్టుకుంది. పాత పురి కదా, చేతిలో పుటుక్కున తెగింది.

"ముడెక్కడుందో ముందు చూడాలి నాయనా."

"అన్నీ ఒకేలా ఉన్నయ్ కదా."

"కళ్లతో కాదు, వేళ్లతో చూడు. ఊఁ, అదే. దాని పక్కనే పెట్టు చాకు. ఇప్పుడు ముడి పట్టుకుని లాగు. గుంజకు, లాగు. పెళ్లికూతురి జడలోంచి రిబ్బను తీసినట్టు."

"నాకింకా పెళ్లి కాలేదు దోన్యా సుల్మా."

"ఈ గుంజుడు చూస్తే తెలుస్తోందిలే."

పురి మరీ చివికిపోయిన కట్టలకు ఆ పద్ధతి కూడా పనిచేయలేదు. వాటిని యంత్రంలో వేయకుండా సిమెంటు గచ్చుమీద విప్పి, చేత్తో విదిలించి, ముక్కలేరాకే వేశారు. మొదటి వారం ఆవులు ఆకలికి అరిచాయి. పాలు తగ్గాయి. రెండో వారానికి విల్మర్ గచ్చు పక్కన ఇనుపకొక్కెం ఒకటి బిగించాడు. కట్టను గచ్చుమీద దించడం, పురులు కొక్కేనికి తగిలించడం, పదేసి కట్టలకు ఒకసారి ఎంచుకోవడం. సుల్మా పద్ధతికంటే అది వేగంగా నడిచింది. ఆమె రెండు రోజులు దాన్ని అనుమానంగా చూసి, మూడో రోజు తన తోలుపట్టీ విప్పి పక్కన పెట్టింది.

పెర్లా నాలుగో రోజున ఒక గుప్పెడు లూసర్న్ గడ్డి తింది. పదో రోజుకు నెమరు వేసింది. ఆ నెమరు చూడటానికి సుల్మా పని ఆపి వచ్చి నిలబడింది. పాలు మునుపటంత ఎన్నడూ ఇవ్వలేదు గానీ, సెప్టెంబరులో చక్కటి పెయ్యదూడను ఈనింది.

వానలు మే నెలలో పడ్డాయి. మొదటి వానకు పాలు పితికే ఆడవాళ్లు ఆనవాయితీ ప్రకారం పిండి పిసికి కొవ్వులో రొట్టెలు వేయించారు. విల్మర్ ఆరు తిన్నాడు. "ఒకటే పొట్ట అంది సుల్మా, ఎన్నున్నయ్ నీకు?" అని ఎవరో అడిగారు. "నాలుగు. మూడు గోళ్లు గిల్లుకుంటున్నయ్" అన్నాడు. సుల్మా ఈసారి నవ్వింది.

నవంబరులో గడ్డి కోతల ముందు, పురి కొనుక్కురమ్మని దార్దో గారు వాళ్లిద్దరినీ సహకార సంఘం కొట్టుకు పంపారు. "కిత్తనారే తెండి. ఎలుకల సంగతి నేను చూసుకుంటా" అన్నారు. సుల్మాకు తన చెవులమీద నమ్మకం కలగలేదు.

కొట్టులో అమ్మేవాడు ఆమెను చూసి చేతులు జోడించాడు. "దోన్యా సుల్మా కిత్తనార కొంటోందంట. పాసో సెయ్బో ఎలుకలకు ఈ ఏడు పండగే!"

"ఎలుకలు తింటే పర్లేదు. తిని బతుకుతాయి" అంది ఆమె.

మూడు రకాల ఉండలు తెచ్చి ముందు పెట్టాడు. సుల్మా ఒక్కోదాంట్లోంచి బారెడు లాగి, వెలుతురుకు పట్టి, ఎక్కడ సన్నబడిందో ఎక్కడ లావెక్కిందో చూసింది. చెవి దగ్గర పెట్టి గుంజి, పీచు విరిగే చప్పుడు వింది. వాసన చూసింది. నూనె పట్టించని పురి ఎండి పెళుసుగా తెగుతుంది, నూనె మరీ ఎక్కువైతే ఆవులు ఆ గడ్డిని ముట్టవు. లావుపాటిది ఒకటి ఆమెకు నచ్చింది. గట్టిగా ఉంది, నిలుస్తుంది.

"నువ్వు చెప్పు" అంది విల్మర్‌తో.

అతను లావుపాటి దాన్ని వేళ్లమధ్య తిప్పి తల అడ్డంగా ఊపాడు. "ఇది మన యంత్రానికి కుదరదు. ముడి వేసే ముక్కు దగ్గర ఇరుక్కుంటది. ముడి సగం పడి జారిపోద్ది. జారిన కట్ట ఎత్తుతుంటే విడిపోద్ది, పురి గడ్డిలోనే పోద్ది. ఈ మధ్య రకం తీసుకుందాం. దీని లావు మొదటినుంచి చివరిదాకా ఒకేలాగుంది."

ఇన్నేళ్లు ముడులను విప్పడమే తప్ప, యంత్రం వాటిని ఎలా వేస్తుందో సుల్మా ఎప్పుడూ చూడలేదు. నాన్న పక్కన కూర్చుని కూడా చూడలేదు. "సరే, అదే" అంది.

ఉండలు బండి వెనకాల వేసుకుని తిరుగుదారి పట్టారు. ఆమె మాతే కలిపి అతనికిచ్చింది. అతను తాగి బుర్ర వెనక్కిచ్చి, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"దోన్యా సుల్మా, అడగొచ్చో లేదో. ఆ ఎర్ర పురి తక్కువైన రోజు ఎంతసేపు వెతికారు?"

ఆమె బుర్రలో నీళ్లు పోసింది. తాగలేదు.

"వెతకలేదు" అంది.

అతను ఆమె వైపు చూశాడు.

"వెతికానని షెడ్డులో మీ అందరి ముందూ చెప్పా. అప్పుడది అబద్ధమని కూడా నాకు అనిపించలా. మూడేళ్లు నాకు నేను అదే చెప్పుకున్నా కదా. ఫోన్ వచ్చింది. నెల్సన్‌ను సాన్ హొసే ఆసుపత్రికి తీసుకుపోతున్నామన్నారు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, చేతిలో ఉన్న పురులు లెక్కపెట్టా. అదేం బుద్ధో! మనిషి పోతున్నాడంటే పురులు లెక్కపెట్టా. ముప్ఫయ్యేడు. గాడి వైపు చూశా. చూడ్డమే, అడుగు వేయలా. మేకుకు తగిలించేసి పరుగెత్తా. మూడో రోజు ఆయన పోయాడు. నేను లేనన్నాళ్లూ ఆవుల్ని బీట్లోనే మేపారంట, కట్టలు ముట్టలా. పదో రోజు పనికొచ్చేసరికి ఆ ముప్ఫయ్యేడూ అక్కడే వేలాడుతున్నాయి. వాటితో ఇంకో కట్ట పురులు కలిపి పారేశా, లెక్క తెలీకుండా."

బండి కంకరరోడ్డు మీదికి ఎక్కింది. వెనకాల ఉండలు దొర్లిన చప్పుడైంది. విల్మర్ గేరు మార్చాడు. ఇలాంటప్పుడు అనాల్సిన మాటలు అతనికి చేతకావు, తనకు చేతకావని అతనికీ తెలుసు.

"నేనైతే అసలు లెక్కే పెట్టేవాణ్ని కాదు" అన్నాడు చివరికి. "పరుగెత్తేవాణ్ని."

"పరుగెత్తాల్సిందే" అంది సుల్మా. "ఆ లెక్కపెట్టినంతసేపు కూడా ఆగకుండా వెళ్లాల్సింది. వెళ్లేసరికి ఆయనకు మాట పడిపోయింది."

ఆ తర్వాత ఇద్దరూ గడ్డి గురించి మాట్లాడుకున్నారు. కోత సోమవారం మొదలుపెడదామా, నేల తడి ఆరేదాకా ఆగుదామా అని. ఆగుదామని ఆమె అంది, వాన తరుముకొస్తోందని అతనన్నాడు. కొట్టం చేరేవరకు అది తేలలేదు.